షోరూమ్ సర్వీసులో ప్రతిసారీ "అది నార్మల్ సార్" అంటుంటే ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారిది తెనాలి. కారు కొని 14 నెలలైంది. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే ముందు ఎడమవైపు నుంచి కటకటమని శబ్దం వస్తోంది. గుంటూరులో తాము కొన్న డీలర్ సర్వీస్ సెంటర్‌కే మూడుసార్లు తీసుకెళ్ళారు. మూడుసార్లూ "ఈ మోడల్‌కి అది నార్మల్ సార్" అని పంపేశారు. చివరిసారి ఫ్రీ సర్వీసుకి 5,500 అవుతుందని చెప్పి 11,840 బిల్లు వేశారు. ఇంటికొచ్చి చూసుకుంటే వెనక బంపర్ మీద గీత. అక్కడి సర్వీస్ అడ్వైజర్ (బండి తీసుకుని పనులు రాసుకునే ఉద్యోగి) ఫోన్ ఎత్తడం లేదు. డీలర్‌ని మార్చాలా, కంపెనీకి రాస్తే వారంటీకి ఇబ్బంది వస్తుందా, కన్స్యూమర్ కోర్టుకి వెళ్తే కారు మార్చి ఇస్తారా అని అడుగుతున్నారు.

ముందు నా సంగతి చెప్తాను. విజయవాడలో రెండు కంపెనీల డీలర్ల దగ్గర సర్వీస్ అడ్వైజర్‌గా మొదలై వర్క్స్ మేనేజర్ దాకా చేశాను. ఇప్పుడు ఆటోనగర్‌లో సొంత గ్యారేజీ, అన్ని కంపెనీల బండ్లూ చూస్తాను. అంటే షోరూమ్ సర్వీసు మీద విసుగెత్తినవాళ్ళే నా గిరాకీ. నా మాటల్లో ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

సూటిగా జవాబు: డీలర్‌ని మార్చండి, కానీ అంతకంటే ముందు పాత డీలర్ దగ్గర మీ మూడు విజిట్ల జాబ్ కార్డుల (బండి ఇచ్చినప్పుడు ఫిర్యాదులు, చేయాల్సిన పనులు రాసే కార్డు) కాపీలు తీసుకోండి. శబ్దం గురించి కంపెనీకి ఈమెయిల్ రాయండి. బిల్లు, గీత గురించి వేరే ఈమెయిల్ పెట్టండి, రెండూ కలపొద్దు. కంపెనీకి ఫిర్యాదు చేస్తే వారంటీ పోదు, ఆ భయం పెట్టుకోకండి. కన్స్యూమర్ కమిషన్‌కి (మీరు కన్స్యూమర్ కోర్టు అన్నది ఇదే) ఇప్పుడే వెళ్ళకండి. కారు మార్చి ఇస్తారనే ఆశ మాత్రం ఈ శబ్దం మీద పెట్టుకోవద్దు.

ఇక ఒక్కొక్కటీ ఎందుకో చెప్తాను.

జాబ్ కార్డులో లేనిది మీరు చెప్పనట్టే

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది మీరు రాయని విషయం. మూడుసార్లు చెప్పానన్నారు. ఎక్కడ రాయించారు?

జాబ్ కార్డులో "కస్టమర్ వాయిస్" అని ఒక భాగం ఉంటుంది. కస్టమర్ తన ఇబ్బంది ఏమని చెప్పాడో ఆ మాటల్లోనే అక్కడ రాయాలి. ఆస్పత్రిలో కేస్ షీట్ ఎంతో వర్క్‌షాపులో అది అంత. కానీ పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉంటాయి, అడ్వైజర్ ట్యాబ్‌లో గబగబా "పీరియాడిక్ సర్వీస్, జనరల్ చెకప్, వాషింగ్" అని మూడు నొక్కేస్తాడు. మీరు శబ్దం గురించి ఐదు నిమిషాలు వివరిస్తారు, అతను తల ఊపుతాడు. ఆ తల ఊపడం జాబ్ కార్డులోకి ఎక్కదు. బండి ఫ్లోర్ మీదికి వెళ్ళాక మెకానిక్ చూసేది ఆ కార్డునే. అందులో శబ్దం మాట లేకపోతే అతను వెతకడు. సాయంత్రం మీరు అడిగితే అడ్వైజర్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, అందుకే "నార్మల్ సార్" వస్తుంది. చాలాసార్లు ఆ మాటకి అర్థం "ఎవరూ చూడలేదు" అని.

ఇంకో పెద్ద నష్టం ఉంది. కంపెనీకి మీరు ఫిర్యాదు చేయగానే వాళ్ళు మొదట సిస్టమ్‌లో మీ బండి హిస్టరీ తెరుస్తారు. అందులో మూడు సర్వీసులు కనపడి శబ్దం ఊసే లేకపోతే, వాళ్ళ దృష్టిలో మీరు మొదటిసారి చెప్తున్నట్టే. అదే కార్డుల మీద ఒకే ఫిర్యాదు మూడుసార్లు కనపడితే దాన్ని "రిపీట్ జాబ్" అంటారు. డీలర్‌కి అది పెద్ద తలనొప్పి. రిపీట్ జాబులు ఎన్ని ఉన్నాయో కంపెనీ లెక్క చూస్తుంది, మీటింగుల్లో నిలదీస్తుంది. రిపీట్ జాబ్ లెక్కలోకి రాకుండా ఉండటానికి కూడా కస్టమర్ వాయిస్‌ని ఖాళీగా వదిలేసే అడ్వైజర్లు ఉన్నారు.

వారంటీ గడువు సంగతీ దీంతోనే ముడిపడి ఉంది. మీ వారంటీ రెండేళ్ళు అనుకుందాం. 23వ నెలలో మీరు చెప్పిన శబ్దం కాగితం మీద లేకపోతే, 25వ నెలలో ఆ భాగం పూర్తిగా పోయినప్పుడు ఖర్చు మీదే. కాగితం మీద ఉంటే "వారంటీలో ఉండగానే చెప్పాను, మీరే వదిలేశారు" అని వాదించే వీలుంటుంది.

కాబట్టి ఈసారి ఇలా చేయండి. అడ్వైజర్ టైప్ చేశాక ట్యాబ్ తిప్పి చూపించమనండి. "సస్పెన్షన్ నాయిస్" అని రెండు ముక్కలు రాస్తే ఒప్పుకోవద్దు. "20 నుంచి 30 స్పీడులో, గతుకుల మీద, ముందు ఎడమవైపు, బండి వేడెక్కినా ఎక్కకపోయినా శబ్దం" అని రాయించండి. ఏ భాగం పోయిందో మీరు చెప్పకండి. యూట్యూబ్ చూసి "లింక్ రాడ్ పోయింది, మార్చండి" అని చెప్తే, వాళ్ళు లింక్ రాడ్ ఒక్కటే ఊపి చూసి "బాగానే ఉంది" అంటారు. మీరు లక్షణం చెప్పండి, కారణం వాళ్ళని వెతకనివ్వండి. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి శబ్దం వచ్చేలా వీడియో తీసి, ఆ వీడియో అడ్వైజర్ వాట్సాప్‌కి పంపండి. తేదీతో సహా రికార్డు ఉంటుంది.

గుడివాడ ప్రాంతం నుంచి ఒకాయన వేరే డీలర్ దగ్గర విసిగిపోయి మా వర్క్‌షాపుకి వచ్చారు. ఏసీ చల్లదనం చాలడం లేదు. ఆయన తెచ్చిన పాత కార్డులన్నిటి మీదా "ఏసీ చెక్డ్, ఓకే" అని ఉంది తప్ప, ఏసీ గాలి ఎంత చల్లగా వస్తోందో కొలిచిన రీడింగ్ ఒక్కదాని మీదా లేదు. థర్మామీటర్ వెంట్‌లో పెట్టి కొలవడం రెండు నిమిషాల పని. కొలిచి, ఆ అంకె కార్డు మీద వేసి, లీకు ఎక్కడుందో చూసి వారంటీ క్లెయిమ్ పెడితే కంపెనీ కండెన్సర్ మార్చడానికి ఒప్పుకుంది. "చెక్ చేశాం" అంటే ఎలా చెక్ చేశారు, ఏం కనపడింది అని అడగండి. అంకె చెప్పలేకపోతే చూడలేదని లెక్క.

శబ్దం నిజంగా నార్మలే కావచ్చు కూడా

కొన్నిసార్లు అడ్వైజర్ చెప్పింది నిజమే. కొన్ని మోడళ్ళలో స్టీరింగ్ వైపు నుంచి చిన్న టకటక పుట్టుకతోనే వస్తుంది, ఎన్ని భాగాలు మార్చినా పోదు. దీన్ని తేల్చడానికి ఖర్చులేని మార్గం ఒకటి ఉంది. షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌కి పెట్టిన అదే మోడల్ కారుని, అదే రోడ్డు మీద, అదే స్పీడులో నడపమనండి. మీరు పక్కన కూర్చోండి. దానికీ అదే శబ్దం వస్తే మీ బండిలో లోపం లేదని మీకే అర్థమవుతుంది. రాకపోతే "నార్మల్" అన్న మాట అక్కడితో అయిపోయింది. ఈ పోలిక చేసినట్టు కూడా కార్డు మీద రాయించండి. చాలామంది డీలర్లు దీనికి కాదనరు, అడిగేవాళ్ళే తక్కువ.

గతుకుల మీద నెమ్మదిగా వెళ్ళినప్పుడు ముందువైపు వచ్చే శబ్దానికి నేను ఎక్కువగా చూసిన కారణాలు: స్టెబిలైజర్ లింక్ రాడ్, స్ట్రట్ మౌంట్, లోయర్ ఆర్మ్ బుష్ (ఈ మూడూ సస్పెన్షన్ భాగాలు), వదులుగా ఉన్న బ్రేక్ ప్యాడ్. ఇవేవీ పెద్ద రిపేర్లు కావు. సస్పెన్షన్ అంతా ఊడదీసి చూసినా దొరకని శబ్దం చివరికి డిక్కీలో జాకీ బిగించకపోవడం వల్ల అని తేలిన బండ్లూ ఉన్నాయి. కారు లోపల కూర్చుంటే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు. అందుకే వెళ్ళేముందు డిక్కీ, డ్యాష్‌బోర్డ్ అర, సీట్ల కింద అంతా ఖాళీ చేసి ఒకసారి నడపండి.

వారంటీ పుస్తకం కూడా ఒకసారి తిరగేయండి. ఎవరూ చదవరు, నాకు తెలుసు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ రబ్బర్లు లాంటి అరిగే వస్తువులకు సాధారణంగా వారంటీ ఉండదు, లేదా తక్కువ కాలమే ఉంటుంది. రబ్బరు బుష్‌ల విషయంలో కంపెనీకో రకం. మీ శబ్దం బుష్ వల్ల అని తేలితే వాదన అక్కడ మొదలవుతుంది.

వాళ్ళు ఎందుకిలా చేస్తారు

శబ్దం వెతకడం టైము తినే పని. మెకానిక్ గంటన్నర బండి కింద ఉండాలి. తీరా దొరికితే వారంటీ క్లెయిమ్. భాగం కంపెనీ ఇస్తుంది, లేబర్ మాత్రం తాను నిర్ణయించిన రేటుకే ఇస్తుంది. కస్టమర్ దగ్గర తీసుకునే లేబర్ కంటే అది తక్కువే. కాగితాలు సరిగ్గా లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తుంది, అప్పుడు నష్టం డీలర్ మీద పడుతుంది. అదే గంటన్నరలో రెండు బండ్లకు ఆయిల్ మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేసి, కోటింగ్ ఒకటి వేస్తే డబ్బు చేతికొస్తుంది.

అడ్వైజర్ జీతం చిన్నది. పైన ఇన్సెంటివ్ "వీఏఎస్" మీద ఉంటుంది, అంటే వాల్యూ యాడెడ్ సర్వీస్ అని వాళ్ళు పిలుచుకునే అదనపు ఐటమ్స్. నెలకి ఇన్ని అమ్మాలని టార్గెట్. నెలాఖరు దగ్గరపడే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే చెప్తున్నా, నెల చివరి వారంలో, శనివారాల్లో బండి ఇవ్వకండి. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వెళ్తే మెకానిక్‌కి మీ బండి పక్కన నిలబడే తీరిక ఉంటుంది.

5,500 కాస్తా 11,840 ఎలా అయింది

ఫ్రీ సర్వీసు అంటే లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్లు, వాషర్లు మీ డబ్బుతోనే. దాంతో 5,500 న్యాయమైన ఎస్టిమేటే కావచ్చు. మిగతా 6,340 ఎక్కడిదో బిల్లులో వెతకండి. నా అనుభవంలో ఈ పేర్లు కనపడతాయి: త్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనర్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్, ఎలుకల స్ప్రే, బ్రేక్ కాలిపర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్ అని ఏదో గొప్ప పేరుతో సీట్లు తుడవడం.

వీటిలో వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అవసరమైనవే, మన రోడ్ల మీద మరీను. ఎలుకల స్ప్రే, పొలాల పక్కన ఇల్లుంటే తీసిపారేయలేం. ఎలుక వైరింగ్ కొరికితే వారంటీలో రాదు, ఆ బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ 14 నెలల బండికి, ఇబ్బంది ఏమీ లేకుండా, త్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్ దండగ. ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఏ కిలోమీటర్లకు ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో లేనిది ఏదైనా సరే, ఎందుకు చేయాలో వాళ్ళే మీకు చెప్పి ఒప్పించాలి.

మీ అనుమతి లేకుండా చేసిన పనికి డబ్బు వెనక్కి అడగొచ్చు. గొంతు పెంచక్కర్లేదు. వర్క్స్ మేనేజర్‌కి ఇలా రాయండి: "ఎస్టిమేట్ 5,500, బిల్లు 11,840. ఈ అదనపు ఐటమ్స్‌కి నేను ఒప్పుకున్నట్టు సంతకం గానీ మెసేజ్ గానీ ఉంటే పంపండి, లేకపోతే ఆ మొత్తం నేను కట్టిన ఖాతాకే తిరిగి వేయండి." సాధారణంగా వాళ్ళ దగ్గర అలాంటి రుజువు ఉండదు. "వచ్చే సర్వీసులో తగ్గిస్తాం సార్" అంటారు. డీలర్‌ని మార్చబోతున్నారు కదా, ఆ మాట ఒప్పుకోకండి. పాత ఎస్టిమేట్ నోటిమాటగా చెప్పి ఉంటే మాత్రం మీ వాదన కొంచెం బలహీనం. ఇకముందు ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టమనండి, జాబ్ కార్డు మీద "నన్ను అడగకుండా అదనపు పని చేయవద్దు" అని పెన్నుతో రాసి సంతకం పెట్టండి. ఆ ఒక్క వాక్యం ఉన్న కార్డుని బిల్లింగ్‌లో కూర్చున్న అమ్మాయి కూడా జాగ్రత్తగా చూస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి వచ్చింది. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. మీ బిల్లు ఆ తేదీ తర్వాతది అయితే విడిభాగాల పక్కన ఎంత వేశారో కూడా చూసుకోండి.

బంపర్ మీద గీత

దీని గురించి మీకు పెద్ద ఆశ కల్పించలేను. బండి తీసుకునేటప్పుడు అడ్వైజర్ మీతో కలిసి చుట్టూ తిరిగి, పాత గీతలన్నీ జాబ్ కార్డులోని కారు బొమ్మ మీద గుర్తు పెట్టాలి. మీ కార్డులో ఆ బొమ్మ ఖాళీగా ఉంటే, అంటే బండి లోపలికి వెళ్ళినప్పుడు గీత లేదని వాళ్ళే రాసుకున్నట్టు, అది మీకు అనుకూలం. అయితే మీరు గేటు దాటి వచ్చేశారు, దారిలో తగిలిందంటారు. వాష్ బే, డెలివరీ ఏరియా సీసీటీవీ ఫుటేజీ చూడమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డయిపోతూ ఉంటుంది, ఆలస్యమైతే అడిగినా ఉండదు. చిన్న గీత అయితే పాలిష్ చేసి పంపడానికి చాలామంది మేనేజర్లు ఒప్పుకుంటారు, వాళ్ళకి అది పెద్ద ఖర్చు కాదు. ఇకపై బండి ఇచ్చేముందు నాలుగు వైపులా వీడియో, మీటర్ రీడింగ్, ఫ్యూయల్ గేజ్ ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

డెలివరీ అప్పుడు పెట్టే సంతకం, తర్వాత వచ్చే ఫోన్

గేట్ పాస్ ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. దాని మీద చిన్న అక్షరాల్లో "అన్ని ఫిర్యాదులూ పరిష్కారమయ్యాయి, సంతృప్తి చెందాను" అన్న అర్థంలో ఉంటుంది. చీకటి పడుతోంది, పిల్లలు ఆకలంటున్నారు, మీరు గీకేసి వచ్చేస్తారు. రేపు మీ మీద వాడేది ఆ కాగితమే. సంతకం పెట్టండి, కానీ పైన "శబ్దం తగ్గలేదు" అని రెండు ముక్కలు రాసి, ఫొటో తీసుకోండి.

రెండు మూడు రోజులకు పీఎస్‌ఎఫ్ (పోస్ట్ సర్వీస్ ఫాలోఅప్) కాల్ వస్తుంది, సర్వీసు ఎలా ఉందని. ఒక్కోసారి డీలర్ నుంచి, ఒక్కోసారి నేరుగా కంపెనీ నుంచి. "సార్, 10కి 10 ఇవ్వండి సార్, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది" అని అడ్వైజర్ ముందే బతిమాలి ఉంటాడు. అతను అబద్ధమాడట్లేదు, నిజంగానే పోతుంది. 7 అంటే మన లెక్కలో మంచి మార్కు, వాళ్ళ లెక్కలో ఫెయిలు. జాలి పడి 10 చెప్తే, మీ శబ్దం పరిష్కారమైనట్టు కంపెనీ సిస్టమ్‌లో పడుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి. అసలు మీకు ఆ కాలే రాకపోతే జాబ్ కార్డు మీద మీ ఫోన్ నంబర్ సరిగ్గా ఉందో లేదో చూడండి. కోపంగా ఉన్న కస్టమర్ల నంబర్లో ఒక అంకె మారిపోవడం కొన్నిచోట్ల మామూలే.

కంపెనీకి ఏమని రాయాలి

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకోకండి. ఫోన్‌లో చెప్పింది మళ్ళీ అదే డీలర్‌కి వెళ్తుంది, డీలర్ "కస్టమర్‌తో మాట్లాడాం" అని మూసేస్తాడు. ఈమెయిల్ పెట్టి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి. మూడు పుటల ఆవేదన వద్దు. బండి రిజిస్ట్రేషన్ నంబర్, ఛాసిస్ నంబర్, కొన్న తేదీ, మూడు విజిట్ల తేదీలు, కిలోమీటర్లు, జాబ్ కార్డు నంబర్లు, శబ్దం ఎప్పుడు వస్తుందో రెండు వాక్యాలు, వీడియో. చివర్లో అడగాల్సింది ఒక్కటే: "మీ ఏరియా సర్వీస్ మేనేజర్ లేదా ఫీల్డ్ ఇంజనీరు సమక్షంలో నాతో కలిసి రోడ్ టెస్ట్ చేసి, ఏం తేలిందో రాతపూర్వకంగా ఇవ్వండి." ఆ అధికారి జీతం కంపెనీది, డీలర్ది కాదు. అప్పుడప్పుడూ డీలర్ల దగ్గరకి వస్తూనే ఉంటాడు, పెండింగ్ కేసులు అప్పుడు చూస్తాడు. ఆయన వస్తున్నాడంటే వర్క్‌షాపులో మంచి మెకానిక్ ఆ రోజు సెలవు పెట్టడు.

బిల్లు గొడవ ఇందులో కలపొద్దని అందుకే అన్నాను. బిల్లు డీలర్ వ్యవహారం, శబ్దం కంపెనీ వ్యవహారం. కలిపితే జవాబు రాసేవాడు తేలికైనదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తాడు.

డీలర్‌ని మార్చడం, బయట చేయించడం

వారంటీ ఇచ్చేది కంపెనీ. దేశంలో అదే కంపెనీ అధీకృత వర్క్‌షాపు ఏదైనా మీ బండి చూడాల్సిందే. "ఇక్కడ కొనలేదు కదా" అంటే ఆ మాటే రాసివ్వమనండి, రాసివ్వరు. తెనాలి నుంచి మీకు విజయవాడ కూడా దగ్గరే. కొత్త చోట పాత కార్డుల కాపీలు చూపించి మొదలుపెట్టండి.

నా లాంటి బయట గ్యారేజీకి తీసుకురావచ్చా? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయట గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని, బయట చేయిస్తే వారంటీ రద్దు అనే షరతు కస్టమర్ చేతులు కట్టేస్తోందని అప్పుడు తప్పుబట్టింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆచరణలో వారంటీ ఉన్నంతకాలం సస్పెన్షన్ బయట విప్పించకండి. విప్పిన గుర్తు కనపడితే దాన్నే పట్టుకుంటారు. చూసి చెప్పించుకోవడం వరకూ పర్వాలేదు. లిఫ్ట్ మీద పెట్టి, ఏ భాగం ఆడుతోందో మీకు వీడియో తీసి ఇచ్చే గ్యారేజీ ఏదైనా సరిపోతుంది. నా గిరాకీ తగ్గే మాటే ఇది, అయినా మీ విషయంలో అదే సరైనది.

కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్ళాల్సి వస్తే

ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ నమోదైతే చాలా కంపెనీల్లో సర్వీసు సెంటర్ కంటే పైస్థాయిలో ఉన్నవాళ్ళు చూస్తారు. చిన్న చిన్న రీఫండ్లు ఇక్కడే తేలిపోవడం చూశాను.

అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, కాబట్టి మీకు గుంటూరు జిల్లా కమిషన్. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా స్థాయిలోనే. గడువు రెండేళ్ళు. లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఫీజు 5 లక్షల దాకా ఏమీ లేదు, 5 నుంచి 10 లక్షలకు 200, 10 నుంచి 20 లక్షలకు 400. ఖర్చు సమస్య కాదు, టైమే సమస్య. చట్టంలో మూడు నెలలు, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు అని ఉన్నా, ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది.

రెండు విషయాలు తెలుసుకుని వెళ్ళండి. ఒకటి, తయారీ లోపం అని మీరు అంటే సరిపోదు. నిపుణుల నివేదిక కావాలి, పరీక్షకి పంపించే అధికారం కమిషన్‌కి ఉంది. సర్వీసులో లోపం అంటే మాత్రం మీ జాబ్ కార్డులూ ఈమెయిళ్ళే సాక్ష్యం. రెండు, కొత్త కారు. 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో, లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే వారంటీ ఉన్నప్పుడు బండి మొత్తం మార్చమనడం కుదరదంది. 2022లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో బండి మార్చమన్న ఉత్తర్వుని సమర్థించింది. ప్రాణానికి సంబంధించిన లోపానికీ లింక్ రాడ్ శబ్దానికీ తేడా మీకు తెలుసు. మీ కేసులో న్యాయంగా దక్కేది ఉచిత రిపేరు, అనవసర బిల్లు వాపసు, కొంత పరిహారం.

డీలర్‌నీ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. 2021లో గోవా నుంచి వెళ్ళిన ఒక కేసులో, డీలర్ పాత మోడల్ కారుని కొత్తదని అమ్మితే, తనకి తెలియకుండా డీలర్ చేసినదానికి కంపెనీ బాధ్యత వహించక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి తప్పు ఎవరిదో మీ ఫిర్యాదులోనే విడదీసి రాయాలి. రెండు ఈమెయిళ్ళు పెట్టమన్నాను కదా, అవి ఇక్కడ కూడా పనికొస్తాయి.

ఇప్పటికి ఈ వారం చేయాల్సింది: జాబ్ కార్డుల కాపీలు, సీసీటీవీ ఈమెయిల్, టెస్ట్ డ్రైవ్ కారుతో పోలిక. కార్డులు చేతికొచ్చాక కస్టమర్ వాయిస్ దగ్గర ఏం రాసి ఉందో మీ పేరు, బండి నంబర్ కొట్టేసి ఇక్కడ పెట్టండి. పోలికలో ఏం తేలిందో కూడా రాయండి, కంపెనీకి పెట్టాల్సిన ఈమెయిల్ దాన్నిబట్టి సరిచేద్దాం.